సెలవులలో బంధుదర్శనము: పసిపిల్లలతో దూరప్రయాణము

సెలవులు సమీపించినంతనే మన పాఠశాలలో పిల్లలు ఒకరినొకరు అడుగు ప్రశ్న యొకటి కలదు. "మీరు ఏ యూరికి పోవుదురు?" పావగడ తాలూకాలోని తెలుగు కుటుంబములలో ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము తరచుగా రాష్ట్రపు సరిహద్దునకు ఆవల నుండును. ఒకరి అవ్వ కల్యాణదుర్గమున, ఒకరి మేనమామ హిందూపురమున, వేరొకరి పెద్దనాయన కర్నూలున, మరియొకరి అక్క హైదరాబాదున నుందురు.

దేశపటమును ముందుంచుకొని చూచినచో దీనికి కారణము తెలియును. మన తాలూకా పరిపాలనకు తుమకూరు జిల్లాలోనిదే యైనను, చాలవరకు ఆంధ్రప్రదేశపు నేలచే చుట్టబడి, పడమట చిత్రదుర్గ జిల్లాను తాకుచున్నది. మధుగిరి మీదుగా తుమకూరునకు పోవు బస్సు సైతము కొంతదూరము ఆంధ్రప్రదేశపు నేలపై నడచును. పూర్వపు మైసూరు సంస్థానములోని పావగడ, 1956 నవంబరు 1వ తేదీన భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడిన పిమ్మటను మైసూరు రాష్ట్రముననే నిలిచినది. 1973లో ఆ రాష్ట్రమునకు కర్ణాటకమని పేరు వచ్చినది. పొరుగుననున్న మడకశిర, పెనుకొండలు 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. పాలనకు గీత గీయవచ్చును గాని వియ్యమునకు గీత లేదు. నంది కొండలలో పుట్టిన ఉత్తర పినాకిని మన నాగలమడకను తాకి, అనంతపురము, కడప సీమలను దాటి, నెల్లూరు సీమలో సముద్రమును చేరుచున్నది గదా! మన బంధుత్వములును అట్లే పారినవి.

అయితే పసిపిల్లలను వెంటబెట్టుకొని దూరప్రయాణము చేయుట సులభము కాదు. అంత శ్రమపడి పోవుట ఎందుకు? బిడ్డ తాతయొద్ద కూర్చుండి నాలుగు మాటలు మాటలాడుటకు, అవ్వ చేతి ముద్ద తినుటకు, తన తోటి పిల్లలతో ఆడుకొనుటకు. దారిలో అలసి, వాంతులు చేసికొని, ఎండదెబ్బ తగిలి చేరిన బిడ్డ మొదటి రెండు దినములు పడకపైననే గడపును. మూడవనాడు కోలుకొనునప్పటికి తిరుగు ప్రయాణము దగ్గరపడును. కావున ప్రయాణమును కిలోమీటర్లతో గాక బిడ్డ ఓపికతో కొలువవలయును. ఈ వ్యాసమున చెప్పదలచినది ఇదియే.

మొదట కాలమును గూర్చి ఆలోచింతము. రెండు రాష్ట్రముల సెలవులు ఒక్కటి కావు. కర్ణాటకమున వేసవి సెలవులు సాధారణముగా ఏప్రిల్ రెండవ వారమున మొదలై మే నెలాఖరున ముగియును. ఆంధ్రప్రదేశమున అవి ఏప్రిల్ చివరి వారమున మొదలై జూన్ రెండవ వారము వరకు సాగును. అక్కడ సంక్రాంతికి వారము దినములకు పైగా బడులు మూయుదురు. ఇక్కడ ఆ పండుగకు దొరకునది ఒక్క దినమే. దసరా సెలవులును అన్ని యేండ్లు కలియవు. అనగా మన పిల్లలును, ఆవలి రాష్ట్రములోని వారి అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రును ఒక్కమారు తీరికగా నుండునది సుమారు ఒక నెల మాత్రమే. అదియు ఎండలు మండు నెల. ఆ కొద్దిదినములలో ఒక్కటియు వ్యర్థము కారాదు. కావున బయలుదేరుటకు ముందు అక్కడి బంధువులతో మాటలాడి, వారి పిల్లల సెలవులు తెలిసికొని, దినము నిశ్చయించుకొనుట మంచిది.

ఇక దూరమును గూర్చి. పావగడ నుండి హైదరాబాదునకు పోవు కుటుంబమును ఉదాహరణముగా తీసికొందము. రొద్దము మీదుగా పెనుకొండ చేరి, అచట 44వ సంఖ్య జాతీయ రహదారిని ఎక్కవలయును. అనంతపురము, గుత్తి, డోను దాటి కర్నూలు, అచటినుండి తుంగభద్రను దాటి జడ్చర్ల మీదుగా హైదరాబాదు. అనంతపురము నుండి కర్నూలునకు సుమారు 150 కిలోమీటర్లు, కర్నూలు నుండి హైదరాబాదునకు సుమారు 210 కిలోమీటర్లు. రోడ్డు విశాలమైనది గావున పెద్దలు ఒక్క పరుగున పోగలరు. అయిదేండ్ల బిడ్డ అట్లు పోలేదు. రెండు గంటలకొకమారు బండి నిలిపి, పిల్లలను దింపి, పావుగంట నడిపింపవలయును. మూత్రమును బిగబట్టుకొనుమని బిడ్డను గద్దింపరాదు. వీలున్నచో కర్నూలువంటి నడుమ యూర బంధువుల యింట ఒక రాత్రి గడపుట మేలు. ఆ రాత్రి వ్యర్థమైనట్లు కాదు. అదియు ఒక బంధుదర్శనమే.

పిల్లలు నిద్రపోవుదురని కొందరు రాత్రియందే బయలుదేరుదురు. పిల్లల నిద్ర సంగతి నిజమే. కాని మన శరీరములో పగటిని రేయిని గుర్తించు గడియారమువంటి యేర్పాటు కలదు. అది తెల్లవారుజామున రెండు గంటల నుండి ఆరు గంటల వరకు అందరిని నిద్రకు లాగును. డ్రైవరు శరీరమును అదే నియమమునకు లోబడినది. కావున రాత్రి నిండుగా నిద్రించి, వేకువ వెలుగులో బయలుదేరి, ఎండ ముదురకముందే సగము దూరము పోవుట ఉత్తమము.

మూడవది బిడ్డ కూర్చుండు చోటు. తల్లి యొడికంటె క్షేమమైన చోటు లేదని మనము నమ్ముదుము. ఇంటిలో అది సత్యము; వేగముగా పోవు కారులో సత్యము కాదు. పై తరగతి విద్యార్థులు జడత్వమును గూర్చి చదివియే యుందురు. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు దేనికైన తగిలి, సెకనులో పదవవంతు కాలమున ఆగిపోయినదనుకొందము. పది కిలోల బరువుగల బిడ్డను ఆ క్షణమున పట్టియుంచుటకు సుమారు 140 కిలోల బరువును మోయునంత బలము కావలయును. ఏ తల్లి చేతులకును అంత బలము లేదు. స్వీడను దేశపు ఇంజనీరు నీల్స్ బోలిన్ 1959లో ప్రవేశపెట్టిన మూడుకొనల సీటుబెల్టు లక్షలాది ప్రాణములను కాపాడినది ఇందువలననే. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము పదునాలుగేండ్లలోపు పిల్లలను బెల్టుగాని, పిల్లల ప్రత్యేక ఆసనముగాని లేక కారులో తీసికొనిపోయినచో వేయి రూపాయల జరిమానా కలదు. పసిబిడ్డను ముందుసీటున కూర్చుండబెట్టరాదు.

సమీప గ్రామములకు మోటారు సైకిలుపై పోవువారు మనలో ననేకులు. తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్ల వరకు గల బిడ్డను దానిపై తీసికొనిపోవునప్పుడు హెల్మెట్టును, బిడ్డను నడుపువానితో కలిపి కట్టు పట్టీని వాడవలెననియు, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు 2023 ఫిబ్రవరి నుండి నియమము కలదు. దూరప్రయాణమునకు ఆ వాహనము తగదు.

బస్సున పోవువారు పిల్లల చేతులు, తలలు కిటికీ బయటికి రాకుండ చూడవలయును. ప్రతి బిడ్డ జేబులోను తండ్రి పేరు, టెలిఫోను సంఖ్య వ్రాసిన చీటి నుంచుడు. దానిని తెలుగున, కన్నడమున రెండింటను వ్రాయుడు. తప్పిపోయిన బిడ్డ సరిహద్దునకు ఏ వైపున దొరకునో యెవరికి తెలియును? తల్లులకు మరియొక మాట. కర్ణాటకమున 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకము, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకము ఆయా రాష్ట్రముల స్త్రీలకే ఉద్దేశింపబడినవి. సరిహద్దు దాటువారు కండక్టరును ముందుగనే అడిగి, చార్జీకి పైకము వెంటనుంచుకొనవలయును.

నాలుగవది వాంతులు. ఇది బిడ్డ అల్లరి కాదు, దిష్టియు కాదు. మన చెవి లోపల ద్రవముతో నిండిన మూడు అర్ధవలయ నాళములు కలవు. శరీరము కదలుచున్నదని అవి మెదడునకు తెలుపును. బిడ్డ కన్నులు పుస్తకముపైననో సెల్‌ఫోనుపైననో నిలిచియున్నచో, ఏమియు కదలుటలేదని అవి తెలుపును. ఈ రెండు వార్తలు పొసగక తల తిరిగి కడుపు తిప్పును. రెండేండ్లలోపు శిశువులకు ఈ బాధ అరుదు. రెండు మొదలు పండ్రెండేండ్ల వారికి ఎక్కువ. కిటికీ గుండ దూరపు కొండలను చూపుట, చల్లని గాలి తగులనిచ్చుట, నూనె వస్తువులు మాని ఇడ్లీ, మరమరాలవంటి తేలిక ఆహారము కొద్దికొద్దిగా పెట్టుట దీనికి మందులు. మాత్రలు వైద్యుని అడుగకుండ ఈయరాదు.

అయిదవది నీరు, ఎండ. మన తాలూకా భూగర్భజలమున ఫ్లోరైడు హెచ్చుగా నుండుటచే మంచినీటి విలువ మనకు చిన్ననాటనే తెలియును. ప్రయాణమున కూడ ఇంటినుండి కాచి చల్లార్చిన నీరు తీసికొనిపోవలయును. ఆరునెలలలోపు శిశువునకు తల్లిపాలు తప్ప నీరు సైతము అక్కరలేదు. విరేచనములైనచో మందుల అంగడిలో దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై వ్రాసిన కొలత నీటిలో కలిపి త్రాగింపవలయును. అది దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో, అంచుతో సమముగా నింపిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపవచ్చును. 1971లో బంగ్లాదేశమునుండి వచ్చిన కాందిశీకుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనోబిస్ ఇట్టి ఉప్పు, చక్కెర నీటితోనే కలరా రోగులను వేలకొలదిగ బ్రతికించెను. మరియొక హెచ్చరిక: ఎండలో నిలిపిన కారులో పది నిమిషములలోనే వేడి సుమారు పది డిగ్రీలు పెరుగును. అద్దములు మూసి, బిడ్డను లోపల విడిచి, ఒక్క నిమిషమని అంగడికి పోరాదు. ఆపద కలిగినచో 108కి, జాతీయ రహదారిపై 1033కి టెలిఫోను చేయవచ్చును.

శరీరము క్షేమముగా నున్నప్పుడు మనస్సు అడుగు ప్రశ్న యొకటే: "ఇంకెంత దూరము?" దీనికి సెల్‌ఫోను ప్రత్యుత్తరము కాదు, రోడ్డే ప్రత్యుత్తరము. మైలురాళ్లను చూడుడు. తల పసుపురంగు గలది జాతీయ రహదారి, ఆకుపచ్చ గలది రాష్ట్ర రహదారి, నారింజరంగు గలది గ్రామీణ రహదారి. అంగళ్ల బోర్డులను చూడుడు. కన్నడ, తెలుగు లిపులు ఒక్క తల్లి బిడ్డలు. తలకట్టును చూచి ఏది ఏదియో మొదట చెప్పినవారు గెలిచినట్లు. పెనుకొండ రాగానే, 1565 నాటి యుద్ధము తరువాత విజయనగర రాజులు అచటికి తరలివచ్చిన కథ చెప్పుడు. కర్నూలున, అది 1953 నుండి 1956 వరకు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానియని చెప్పుడు. దారిపొడుగున వేరుశనగను కూడ గమనింపుడు. మన పొలములలోని చెనిక్కాయలే కర్నూలు ప్రాంతమున బుడ్డలగును, హైదరాబాదున పల్లీలగును. గింజ యొకటే; ఊరూరికి పేరు మారినది.

ఈ మాటయే బంధువుల యింటికిని వర్తించును. మనము అవ్వ, జేజి అని పిలుచువారిని కోస్తావారు అమ్మమ్మ, నాయనమ్మ యందురు. మన చిన్నాయన వారికి బాబాయి. మన చిన్నమ్మ వారికి పిన్ని. మన తెలుగులో కన్నడ పదములు కలియుట సహజము. నేను ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో, ఒక జిల్లావారి పలుకుబడికి వేరొక జిల్లావారు నవ్వుట చూచితిని. పెద్దలు ఆ నవ్వును సహింతురు. పసివారు సహింపలేరు. మొదటి దినమున ఎగతాళికి గురియైన బిడ్డ సెలవులు ముగియువరకు నోరు విప్పక పోవచ్చును. ఇంత దూరము క్షేమముగా తెచ్చిన ఫలమంతయు అచట నశించును. కావున తల్లిదండ్రులు బంధువులకు ముందుగనే ఒక మాట చెప్పవలయును: "మా వాని మాటకు నవ్వకుడు, మీ మాట వానికి నేర్పుడు, వాని మాట మీరు నేర్చుకొనుడు."

విద్యార్థులారా! ఈ సెలవులలో మీరు ఒక చిన్న నోటుపుస్తకమును వెంట తీసికొనిపొండు. తమ్ముని, చెల్లెలిని కిటికీ ప్రక్కన మీ చెంత కూర్చుండబెట్టుకొని మైలురాళ్లను చదివింపుడు. అవ్వ నోట విన్న క్రొత్తమాటలను, వంటకముల పేర్లను, బంధువుల వరుసలను అందు వ్రాసికొనుడు. బడులు తెరచిన వారమున ఆ పుస్తకములను తరగతిలో చదువుకొందము. క్షేమముగా పోయి లాభముగా రండు.