భూమి రికార్డుల నమోదులో రక్షణాత్మక ప్రోగ్రామింగ్: గుంటలు, పేర్లు

నల్లగొండ జిల్లా అనుముల మండలంలోని హాలియా నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ప్రాంతం. ఇక్కడి రైతు పట్టాలో '2.20' అని ఉంటే దాని అర్థం రెండెకరాల ఇరవై గుంటలు. ఆ చుక్క దశాంశ బిందువు కాదు. ఎకరాలను గుంటల నుంచి వేరుచేసే గుర్తు మాత్రమే. ఎకరాకు 40 గుంటలు కనుక చుక్క తరువాతి సంఖ్య 39 దాటరాదు.

ఈ వాడుక కంప్యూటరుకు తెలియదు. 2.20ని సాధారణ సంఖ్యగా స్వీకరించిన ప్రోగ్రాం చివరి సున్నాను తొలగించి 2.2గా చూపవచ్చు. చదివేవారు దానిని రెండెకరాల రెండు గుంటలుగా గ్రహిస్తే 18 గుంటలు, అనగా 2,178 చదరపు గజాలు, కాగితం మీద మాయమవుతాయి. పంటకాలానికి ఎకరాకు 5,000 రూపాయలు చెల్లించిన రైతుబంధు లెక్కన ఆ నష్టం 2,250 రూపాయలు. కూడికలోనూ ఇదే చిక్కు: 2.20కి 1.30 కలిపితే యంత్రం 3.50 అంటుంది; సరైన జవాబు 4.10.

నమోదు చేసేవారు పొరబడతారనీ, ప్రోగ్రాం రాసినవారూ పొరబడి ఉంటారనీ ముందే భావించి రాయడమే రక్షణాత్మక ప్రోగ్రామింగ్. ఎకరాలకు, గుంటలకు వేర్వేరు గడులు ఉంచడం, గుంటల గడిలో 40 వేస్తే అక్కడే ఆపి కారణం తెలుగులో చెప్పడం మొదటి జాగ్రత్త. లోపలి గణనలో 50 గుంటలు తేలితే విషయం వేరు. అది వాడుకరి తప్పు కాదు, ప్రోగ్రాం దోషం. అటువంటప్పుడు రికార్డును భద్రపరచకుండా పని నిలిపివేయాలి. ఈ రెండింటినీ ఒకే 'ఎర్రర్' సందేశంతో సరిపెట్టడం తరచుగా కనిపించే అలసత్వం.

పేర్ల విషయం భాషావేత్తలకు మరింత ఆసక్తికరం. ఈ జిల్లాలో 'సైదులు' అనే పేరు విరివిగా వినిపిస్తుంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వం, దాని కింద చేరే గుర్తు అనే రెండు సంకేతాలుగానూ నిల్వ చేయవచ్చు. తెరపై రెండూ ఒకటే. పోల్చి చూసే ప్రోగ్రాంకు మాత్రం ఇద్దరు వేర్వేరు సైదులులు. ఇవి సమానమని యూనికోడ్ ప్రమాణమే చెబుతుంది కాబట్టి, పోల్చేముందు నార్మలైజేషన్ జరిపితే చాలు. అయితే సున్నకు (ం), తెలుగు అంకె సున్నాకు (౦) ఉన్న పోలికను ఆ ప్రక్రియ పట్టించుకోదు. 'లింగయ్య'లో అంకె దూరితే కంటికి చిక్కదు. పేరు గడిలో అంకెలను నిషేధించడమే దానికి విరుగుడు. తెలుగు లిపి తెలిసినవారు రూపకల్పన దశలోనే ఉండవలసిన అవసరం ఇక్కడే ఉంది.

ఎంత కాపలా ఉన్నా కొన్ని తప్పులు లోపలికి వస్తాయి. 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది; ఆ ఏటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టంలో లేని అప్పీలు వ్యవస్థ 2025 నాటి భూ భారతి చట్టంతో వచ్చింది. చట్టం సవరణకు దారి చూపినా, ఆ సవరణను నమోదు చేసేది సాఫ్ట్‌వేరే. కాగితం పహాణీలో కొట్టివేత కింద పాత అక్షరం ఎంతో కొంత కనిపిస్తుంది. డేటాబేసులో పాత విలువపై కొత్తది రాస్తే ఆ జాడ కూడా ఉండదు. కనుక ప్రతి మార్పునూ కొత్త వరుసగా చేర్చి, పాత విలువను, మార్చిన అధికారిని, తేదీని పక్కనే నిలపాలి.