ఓపెన్ సోర్స్: విద్యార్థుల అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: గిట్‌హబ్ ప్రొఫైల్ పచ్చగా ఉంటే చాలు, ఉద్యోగం వస్తుంది.

ఇంజినీరింగ్ పిల్లల్ని ఇంతగా దారి తప్పించిన మాట మరొకటి లేదు. ఆ పచ్చ గడులు ఏ రోజు కోడ్ పంపారో చెబుతాయి, ఏం నేర్చుకున్నారో చెప్పవు. ఏటా అక్టోబరులో జరిగే ఓపెన్ సోర్స్ కార్యక్రమం హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులకు (ప్రాజెక్టుకు పంపే మార్పు ప్రతిపాదనలకు) ఒక టీషర్టు ఇస్తామన్నారు. దాంతో ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైల్లో ఒక మాట అటూ ఇటూ మార్చి పంపినవాళ్లు వెల్లువెత్తారు. నిర్వాహకులు ఆ నెలలోనే నిబంధనలు మార్చాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎక్స్‌ప్రెస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్టుకూ ఇదే గతి పట్టింది. ఒక వీడియో పాఠంలో దాన్ని ఉదాహరణగా చూపించారు. చూసిన విద్యార్థులు తమ పేర్లు రీడ్‌మీలో రాసి పంపడం మొదలుపెట్టారు. అవన్నీ తెరిచి చూసి మూసేయాల్సింది ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్లే. వాళ్లలో చాలామంది జీతం లేకుండా, సొంత సమయంలో పనిచేస్తున్నవాళ్లు. వాళ్ల సాయంత్రాలు మన రెజ్యూమెల కోసం కాదు.

అపోహ: ముందు భాష పూర్తిగా రావాలి, ఆ తర్వాతే ఓపెన్ సోర్స్.

కాలేజీ ల్యాబులో ఖాళీ ఫైలు తెరిచి రాయడం నేర్పుతారు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచీ కావలసింది మాత్రం ఎవరో రాసిన కోడ్‌ను చదవడం. అది ఓపెన్ సోర్స్‌లో వచ్చినంత బాగా మరెక్కడా రాదు.

ఒక ఉదాహరణ. నిన్నటిదాకా పనిచేసిన ఫీచర్ కొత్త వెర్షన్‌లో ఆగిపోయింది. రెండు వెర్షన్ల మధ్య వెయ్యి కమిట్లు (నమోదైన మార్పులు) ఉన్నాయి. తప్పు ఎక్కడ దూరింది? గిట్ బైసెక్ట్ అనే ఆదేశం సరిగ్గా మధ్య కమిట్‌ను తీసి మీ ముందు పెడుతుంది. నడిపి చూసి, బాగుందో లేదో చెబితే ఒక సగాన్ని వదిలేసి, మిగిలిన సగంలో మళ్లీ మధ్యకు వెళుతుంది. ఇలా దాదాపు పది పరీక్షల్లో ఆ ఒక్క కమిట్ దొరికిపోతుంది. సెమిస్టర్ పరీక్ష కోసం బట్టీ పట్టిన బైనరీ సెర్చ్ ఇదే! ఇక గిట్ బ్లేమ్‌తో తప్పున్న వరుసను చివరిగా మార్చింది ఎవరో తెలుస్తుంది, కమిట్ సందేశం చదివితే ఎందుకు మార్చారో అర్థమవుతుంది. ఇంతా చేసి మీరు మార్చేది ఒక్క వరుసే కావచ్చు. అసలు ఏమీ మార్చకుండా, ఆ కమిట్ ఫలానాదని ఆధారాలతో బగ్ రిపోర్టు రాసినా అది పూర్తి స్థాయి సహకారమే.

అపోహ: కోడ్ వెనక్కి వచ్చిందంటే పరువు పోయినట్టే.

"దీనికి టెస్ట్ ఏది?", "రెండు మార్పులు కలిపేశావు, విడగొట్టు" అని రివ్యూలో రాస్తే కుంగిపోయే పిల్లలున్నారు. లినక్స్ కెర్నల్‌కు ఈమెయిల్‌లో పంపే ప్యాచ్‌లు రెండో వెర్షన్, మూడో వెర్షన్ అంటూ తిరగడం అనుభవజ్ఞులకూ మామూలే. మన కోడ్‌ను ఎవరో కూర్చుని వరుస వరుసా చదివారంటే అంతకు మించిన చదువేముంటుంది? డబ్బిచ్చి కొనుక్కొచ్చిన ఫైనలియర్ ప్రాజెక్టులో దొరకనిది ఇదే.

అపోహ: ఓపెన్ కాబట్టి ఎవరి కోడైనా చేరుతుంది, ఎవరి కోడైనా వాడుకోవచ్చు.

రెండూ తప్పే. మన ఫోన్లలో ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ కోడ్ అందరికీ బాహాటమే, కానీ బయటివాళ్ల కోడ్‌ను ఆ బృందం సాధారణంగా స్వీకరించదు. లైసెన్సు ఫైలు లేని కోడ్ గిట్‌హబ్‌లో కనబడినా హక్కులన్నీ రాసినవారివే.

అపోహ: అంతా ఊరికే చేసే చాకిరీ.

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కార్యక్రమం ఓపెన్ సోర్స్‌లో పనిచేసేవారికి 2005 నుంచి స్టైపెండ్ ఇస్తోంది. 2022 నుంచి విద్యార్థులు కానివారికీ అవకాశం ఉంది.

అపోహ: తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇక్కడ చోటు లేదు.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం తెర మీదికి రాగానే యాప్‌లను మూసేశాయి. 'జ్ఞా'ను చూపించడంలో వచ్చిన లోపమది. యాపిల్ దాన్ని ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌లో సరిచేసింది. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఒత్తులను, గుణింతాలను కుదురుగా కూర్చేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. ఒత్తు ఎక్కడ జారిందో, ఏ గుణింతం తప్పిందో చూడగానే పట్టుకోగలిగేది తెలుగు చదివినవాళ్లే. స్క్రీన్‌షాట్, ఫాంటు పేరు, వెర్షన్ నంబరు జతచేసి రిపోర్టు పెట్టడానికి ఈ రాత్రే కూర్చోవచ్చు.