చిన్న ఇంజన్లలో బిగుసుకుపోయిన డ్రెయిన్ ప్లగ్: కారణాలు, విప్పే విధానం

పత్తి, మొక్కజొన్న సాళ్లలో అంతరకృషికి వాడే పెట్రోలు పవర్ వీడర్లలో అనేకానికి ఉండేది పచ్చిక కోసే యంత్రానికి ఉన్నటువంటి ఒకే సిలిండరు, నాలుగు స్ట్రోకుల ఇంజనే. చాలా నమూనాలలో ఆయిల్ ఫిల్టరు ఉండదు. అర లీటరుకు కాస్త అటూ ఇటూ పట్టే ఆయిలే లోపలి భాగాలన్నింటినీ కాపాడాలి. కనుక తొలి 20 గంటల లోపు ఒకసారి, తరువాత ప్రతి 50 నుంచి 100 గంటలకు ఆయిల్ మార్చాలి. ప్లగ్ ఊడిరాని పక్షంలో ఈ పని వాయిదా పడుతుంది. పత్తిలో కలుపు పోటీ తీవ్రంగా ఉండే తొలి 60 రోజులలో ఇంజన్ పట్టేస్తే కలిగే నష్టం మరమ్మతు ఖర్చుతో పోదు.

ఇంజన్ అడుగుభాగం అల్యూమినియం పోత, ప్లగ్ ఉక్కు. ఈ రెండు లోహాల నడుమ తడి, లవణాలు చేరితే విద్యుద్రసాయనిక చర్య వలన అల్యూమినియం తినివేయబడి, ఆ తెల్లని పొడి మరలను బిగించివేస్తుంది. యంత్రాన్ని ఎరువుల బస్తాల సరసన నిలిపే అలవాటు ఇందుకు దోహదం చేస్తుంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ క్లోరైడు లవణమే కదా! మితిమీరి బిగించడం, నలిగిన వాషరునే మళ్లీ వేయడం ఇతర కారణాలు.

ఇటువంటి ప్లగ్‌పై బలప్రయోగం తగదు. ఉక్కు కంటే అల్యూమినియం మెత్తన. ముందుగా చెడేది ఖరీదైన పోత మరలే. చుట్టూ ఉన్న మట్టిని వైరు బ్రష్‌తో తొలగించి, తుప్పు వదిలించే నూనెను మరల అంచున వేసి రాత్రంతా ఉంచాలి. మరునాడు ఇంజన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపి, స్పార్క్ ప్లగ్ వైరును తీసివేయాలి. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 12 మిల్లీమీటర్ల రంధ్రంలో 60 డిగ్రీల పెరుగుదలకు ఈ తేడా సుమారు 8 మైక్రాన్లు. చూడటానికి స్వల్పమే అయినా, పట్టు సడలడానికి చాలాసార్లు అది చాలు. పెట్రోలు ఉన్నచోట బ్లోలాంపు వెలిగించడం మాత్రం ప్రాణాంతకం.

తలకు సరిగ్గా సరిపోయే ఆరు మూలల సాకెట్‌నే వాడాలి; పన్నెండు మూలలది అంచులను అరగదీస్తుంది. దిశ విషయంలో పొరపాటు సాధారణం. ప్లగ్ తలకు ఎదురుగా చూసినప్పుడు అపసవ్య దిశలో తిప్పాలి. పైనుండి వంగి పనిచేసేవారు తెలియకుండానే మరింత బిగిస్తుంటారు. తలపై సుత్తితో తేలికగా తట్టి, ముందు వెంట్రుకవాసి బిగించి, ఆపై వదులు చేస్తే తుప్పు బంధం తెగుతుంది. వేడి ఆయిల్ చేతిపై పడకుండా తొడుగులు అవసరం.

అప్పటికీ కదలకపోతే ఆ రోజుకు ప్లగ్‌ను వదిలివేయడమే మేలు. కొన్ని ఇంజన్లకు రెండో వైపున మరొక ప్లగ్ ఉంటుంది. లేనిచో ఆయిల్ పోసే రంధ్రం ద్వారా సన్నని గొట్టం, సిరంజితో పాత ఆయిల్‌ను లాగివేయవచ్చు. అడుగున కొంత మడ్డి మిగిలినా సీజను గడుస్తుంది. అరిగిన తలను తీసే పనిని తరువాత మెకానిక్కుకు అప్పగించవచ్చు.

తిరిగి బిగించేటప్పుడు కొత్త వాషరు వేసి, తొలి చుట్లు వేళ్లతోనే తిప్పి, చివరి బిగింపును కరదీపికలోని టార్క్ మేరకే ఇవ్వాలి.