ఆంగ్లో-కాథలిక్ సంఘములో పిల్లల విశ్వాస బోధ

నిర్గమకాండము 12:26లో ఒక క్రమము కనబడుతుంది. పస్కా ఆచారము ముందు ఇంటిలో జరుగుతుంది. దానిని చూచిన పిల్లలు దీని భావమేమిటని అడుగుతారు. అప్పుడు పెద్దలు చెప్పాలి. మన సండే స్కూళ్లలో ఈ క్రమము తరచుగా తారుమారై, పిల్లవాడు తాను అడగని ప్రశ్నకు జవాబు కంఠస్థము చేస్తున్నాడు. ఇంగ్లండు సంఘములో ఆంగ్లో-కాథలిక్కులని పిలువబడేవారి బోధనా పద్ధతిని ఈ దృష్టితో పరిశీలించ గోరుచున్నాము.

1833 జూలై 14న జాన్ కెబుల్ ఆక్స్‌ఫర్డులో చేసిన ప్రసంగముతో ఈ ఉద్యమము ఆరంభమైనదని చెప్పుట వాడుక. సంస్కారములకు, అపొస్తలుల వారసత్వమునకు అది తిరిగి ప్రాధాన్యమిచ్చింది. ధూపము, రంగు వస్త్రములు తరువాతి తరములో విస్తరించినవి. అయితే పిల్లల బోధ విషయములో వీరు కొత్తది కనిపెట్టలేదు. ఆదివారములలోను పండుగలలోను సాయంకాల ప్రార్థనలో, రెండవ పాఠము తరువాత, గురువు పిల్లలను అందరి యెదుట ప్రశ్నోత్తరి నుండి బోధించి పరీక్షించవలెనని 1662 నాటి ప్రార్థన పుస్తకమే ఆదేశించింది. ఆ ప్రశ్నోత్తరిలో సంస్కారములను గూర్చిన భాగము 1604లో చేర్చబడింది. కాలక్రమములో అనేక చోట్ల ఈ ఆదేశము కాగితముపైనే మిగిలిపోగా, పిల్లల బోధ సండే స్కూలు వంతయింది. దానిని మరల దేవాలయములోనికి, గురువు చేతికి తేవలెనని ఆంగ్లో-కాథలిక్కులు కోరారు. పారిస్‌లోని సెయింట్ సుల్పిస్ కాథలిక్ దేవాలయపు పద్ధతిని ఇంగ్లండునకు అనుగుణముగా మలచుచు స్పెన్సర్ జోన్స్ అను గురువు 1895లో ఒక గ్రంథము రాశారు. ప్రశ్నించుట, ఉపదేశము, సువార్త భాగముపై చిన్న ప్రసంగము, నడుమ కీర్తనలు, ఇంటి వద్ద విన్నదానిని రాసి తెచ్చుట, ఇదీ ఆ పద్ధతి.

ఇక ఆరాధనయే ఒక పాఠము. ఆగమన కాలములో ఊదా, క్రిస్మసుకు తెలుపు, పెంతెకొస్తుకు ఎరుపు. అక్షరాలు రాని బిడ్డ సైతము సంఘ సంవత్సరమును రంగులలో చదువుతుంది. ధూపపు గిన్నె మోసే చిన్నవాడికి బలిపీఠము దూరపు వస్తువు కాదు. 1954లో రోములో సోఫియా కవల్లెత్తి, జియానా గొబ్బి మాంటిస్సోరి బాటలో ఆరంభించిన బోధలో చిన్న బల్ల, చిన్న పాత్రలు పిల్లల చేతికే ఇస్తారు. వారు కాథలిక్కులైనను అనేక ఆంగ్లికన్ సంఘములు, విశేషముగా అమెరికాలో, దానిని స్వీకరించాయి.

ప్రమాదము లేకపోలేదు. గంట ఎప్పుడు మోగాలో తెలిసి, సువార్త తెలియని బాలుడు తయారు కావచ్చు.

ఈ సంప్రదాయపు ఛాయలు మనకు పరాయివి కావు. ఎస్.పి.జి. మిషను సేవ చేసిన నంద్యాల ప్రాంతములో అనేకులు 1947లో దక్షిణ ఇండియా సంఘములో వెంటనే చేరలేదు.

అసలు చిక్కు ప్రభువు బల్ల వద్ద వస్తుంది. కన్ఫర్మేషను పొందినవారు, లేదా దానికి సిద్ధపడి కోరుచున్నవారు మాత్రమే పాలుపొందాలని 1662 నియమము. బిషప్పు అనుమతితో, బాప్తిస్మము పొందిన పిల్లలను అంతకు ముందే చేర్చుకొనుటకు ఇంగ్లండు సంఘము 2006లో నిబంధనలు చేసింది. కొన్నేళ్ల క్రితము మేము సేవ చేసిన ఒక సంఘములో, తల్లి ప్రక్కన మోకరించిన ఏడేళ్ల పాప తలపై చెయ్యి ఉంచి ముందుకు సాగాము. ఆరాధన తరువాత ఆ పాప వచ్చి, "అయ్యగారూ, నాకూ బాప్తిస్మమైంది గదా, నాకెందుకివ్వలేదు?" అన్నది. పెద్దయ్యాక తెలుస్తుందిలే అన్నాము. పిల్లలు అడిగినప్పుడు చెప్పవలెనన్న ఆజ్ఞను ఆ రోజు మేము మీరాము.

అప్పటినుండి కన్ఫర్మేషను తరగతిలో మొదటి శనివారము పుస్తకము తెరవము. పిల్లలను బలిపీఠము వద్దకు తీసుకొని వెళ్లి, పాత్రలు, గుడ్డలు ముట్టుకోనిచ్చి, ఊరకుంటాము. ఒకసారి ఒక బాలుడు, "ఈ గుడ్డ ఎవరు ఉతుకుతారండీ?" అన్నాడు. గుడి శుభ్రము చేసే అమ్మను పిలిచాము. ద్రాక్షరసము అంటిన గుడ్డను తొలుత జాడించిన నీళ్లు మురుగు కాలువలో కాక చెట్టు మొదట్లో పోస్తానని ఆమె చెప్పింది. ఎందుకని నలుగురూ ఒక్కసారే అడిగారు. ఆనాటి పాఠము అక్కడ మొదలైంది.