భూతద్దం, ఫోను, జిల్లేడు మొక్క

జిల్లేడు మొక్క కోసం మీరు ఎక్కువ దూరం వెళ్ళనక్కర లేదు. బడి గోడ పక్కన, రైలు పట్టాల వెంట, ఊరి బయటి బీడులో ఎక్కడో ఒకచోట తప్పక కనిపిస్తుంది. ఓ ఉదయం దాని లేత కొమ్మ దగ్గర కూర్చుని చూడండి. పసుపుపచ్చని చుక్కలు గుంపులుగా అంటుకుని ఉంటాయి. అవే పేనుబంక పురుగులు. వాటి మధ్య చీమలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. చీమలకు అక్కడేం పని? పేనుబంక మొక్క రసం పీల్చుకుని, తనకు అక్కరలేని తీపి ద్రవాన్ని వెనుక నుంచి బొట్లుగా వదులుతుంది. ఆ బొట్టు కోసమే చీమ కాచుకుని ఉంటుంది.

ఈ సంగతి మీరు పుస్తకంలో చదివే ఉంటారు. మరి ఆ బొట్టును ఎప్పుడైనా చూశారా? పేనుబంక పొడవే సుమారు 2 మి.మీ. ఇక బొట్టు ఎంత ఉంటుందో ఊహించండి! మామూలు కంటికి అది ఆనదు. దగ్గరగా, పెద్దగా ఫోటో తీస్తే ఆనుతుంది. ఇలా తీయడాన్ని మాక్రో ఫోటోగ్రఫీ అంటారు.

వస్తువు ఎంత ఉందో, కెమెరా లోపల పడే ప్రతిబింబం కూడా అంతే ఉంటే దాన్ని అసలైన మాక్రో అంటారు. పాత ఫిల్ము కెమెరాలో ఒక్కొక్క చట్రం 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. ఎత్తు ఉండేది. 12 మి.మీ. పురుగును అలా తీస్తే చట్రంలో మూడోవంతు అదే ఆక్రమిస్తుంది. దీనికేం చేయాలి? కాంతి పాఠం గుర్తు తెచ్చుకోండి. కుంభాకార కటకానికి నాభ్యంతరం కంటే రెట్టింపు దూరంలో వస్తువును ఉంచితే, అవతలి వైపు అంతే దూరంలో, అంతే పరిమాణంలో ప్రతిబింబం ఏర్పడుతుంది. 50 మి.మీ. నాభ్యంతరం గల కటకం దూరపు కొండను తీసేటప్పుడు ఫిల్ముకు 50 మి.మీ. దూరంలో ఉంటుంది. పురుగును నిజ పరిమాణంలో తీయాలంటే దాన్ని 100 మి.మీ. దూరానికి జరపాలి. అందుకే కెమెరాకూ కటకానికీ మధ్య బోలు గొట్టాలు బిగిస్తారు. దూరం రెట్టింపయింది కనుక ఫిల్ము మీద పడే వెలుగు నాలుగో వంతుకు తగ్గిపోతుంది. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా వచ్చే ఈ లెక్కే చీమను ఫోటో తీసేవాడికి నిత్యం ఎదురయ్యే చిక్కు.

మా చదువుకునే రోజుల్లో రీలుకు 36 ఫోటోలే. వాటిని కడిగించి తెచ్చుకునేదాకా ఏది పడిందో, ఏది పోయిందో తెలిసేది కాదు. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళ ఫోను ఒక గంట అడిగి తీసుకుంటే చాలు. దానికి తోడుగా ఒక చిన్న కటకం కావాలి. భూతద్దం పనికొస్తుంది. వాచీలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే అద్దం ఇంకా మేలు. ముందుగా దాని నాభ్యంతరం కనుక్కోండి. గదిలో కిటికీకి ఎదురు గోడ మీద తెల్లకాగితం పెట్టి, కటకాన్ని ముందుకూ వెనక్కూ జరిపితే బయటి చెట్ల బొమ్మ తలకిందులుగా పడుతుంది. బొమ్మ స్పష్టంగా ఉన్నప్పుడు కటకానికీ కాగితానికీ మధ్య దూరమే నాభ్యంతరం. దీనికి సూర్యుణ్ణి మాత్రం వాడవద్దు. కటకంలోంచి సూర్యుణ్ణి చూడనే కూడదు.

కటకాన్ని ఫోను కెమెరా ముందు రబ్బరు బ్యాండుతోనో టేపుతోనో నిలపండి. ఫోనులో కెమెరాలు ఎన్నో ఉంటే, ఏది పనిచేస్తోందో ఒక్కొక్కదాన్నీ వేలితో మూసి తెలుసుకోండి. ఇప్పుడు పురుగు కటకానికి సుమారు నాభ్యంతరమంత దూరంలో ఉండాలి. అక్కడినుంచి బయలుదేరిన కిరణాలు కటకం దాటాక సమాంతరమవుతాయి. ఫోనేమో తాను దూరపు వస్తువునే చూస్తున్నాననుకుంటుంది! మొదటి ఫోటో మీ స్కేలుది తీయండి. ఎన్ని మిల్లీమీటర్లు పట్టాయో లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోండి. తర్వాత తీసే ప్రతి పురుగు కొలతా దీన్ని బట్టి చెప్పవచ్చు.

మొదటిరోజు చీమ జోలికి పోకండి. గడ్డి చామంతితో మొదలుపెట్టండి, అది పారిపోదు. పువ్వు అని మనం అనేది నిజానికి చిన్న చిన్న పువ్వుల గుత్తి అని తెర మీద చూడగానే తెలిసిపోతుంది. అంచున ఉన్న ఒక్కొక్క తెల్ల రేకు కొసన మూడు పళ్ళుంటాయి. చేమ ఆకు మీది నీటిబొట్టు, తులసి ఆకు నూగు, టమాటా కాడ వెంట్రుకలు కూడా ఓపికగా నిలబడే వస్తువులే. జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అనే చిత్రకళోపాధ్యాయుడు సొంతంగా తయారుచేసుకున్న కెమెరాతో మొగ్గలను, తీగలను, విత్తనాలను ఏళ్ళ తరబడి 30 రెట్ల వరకు పెంచి తీశాడు. అవన్నీ విద్యార్థులకు పాఠం చెప్పడానికే. 1928లో పుస్తకంగా వచ్చేనాటికి ఆయన వయసు అరవై దాటింది.

కదిలే జీవాల దగ్గరకు వస్తే అసలు కష్టం తెలుస్తుంది. నిజ పరిమాణంలో తీసేటప్పుడు, కటకం రంధ్రాన్ని ఎఫ్/8 వద్ద ఉంచితే ఒక మిల్లీమీటరు లోతు వరకే బొమ్మ స్పష్టంగా వస్తుంది. కన్ను స్పష్టంగా ఉంటే కాళ్ళు మసకబారుతాయి. రంధ్రాన్ని బాగా చిన్నది చేస్తే లోతు పెరుగుతుంది కాని, కాంతి వివర్తనం వల్ల బొమ్మంతా మెత్తబడిపోతుంది. దూరాన్ని కొంచెం కొంచెంగా మారుస్తూ ఎన్నో ఫోటోలు తీసి, స్పష్టమైన భాగాలన్నిటినీ కంప్యూటరులో ఒకటిగా కలిపేవారున్నారు. లెవాన్ బిస్ అనే ఫోటోగ్రాఫరు ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలోని ఎండు కీటకాలను అలా తీశాడు. ఒక్కొక్క పురుగు బొమ్మకు 8,000కు పైగా ఫోటోలు! 2016లో వాటిని ప్రదర్శించారు. మనకు అంత అక్కరలేదు. కన్ను స్పష్టంగా వస్తే చాలు, బొమ్మకు ప్రాణం వచ్చినట్టే.

పురుగులది బయటి వేడిని బట్టి మారే రక్తం. అందుకని తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు తూనీగ గడ్డిపోచ మీద కదలకుండా ఉంటుంది. అదే అదను. గాలికి కొమ్మ ఊగుతుంటే ఎడమచేత్తో కాడ పట్టుకుని, ఆ చేతి మీదే ఫోను ఆనించండి. ఊగితే రెండూ కలిసి ఊగుతాయి. నీడ ఎక్కువైతే రెండోవైపున తెల్లకాగితం పెట్టండి.

ఇక్కడ ఒక మాట. కదలకుండా ఉండాలని పురుగును ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళు, జిగురుతో అంటించేవాళ్ళు కూడా ఉన్నారు. 1665లో ‘మైక్రోగ్రాఫియా’ అనే పుస్తకం అచ్చువేసిన రాబర్ట్ హుక్, చీమ నిలకడగా ఉండక బొమ్మ గీయనివ్వడం లేదని దానికి బ్రాందీ పట్టించాడు. అది మత్తుగా పడిపోయి, కొంతసేపటికి లేచి పరుగెత్తిందట. హుక్‌కు అప్పుడు కెమెరా లేదు. మీకుంది. అలా పడుకోబెట్టిన చీమ ఫోటోలో మీకు తెలిసేది దాని ఒళ్ళు మాత్రమే. పేనుబంకను అది మీసాలతో తట్టడం అందులో కనిపించదు.

ఈ అలవాటు ఎంతదాకా పోతుందో చూడండి. 2011 మే నెలలో మలేసియాలో గ్యూక్ హాక్ పింగ్ అనే ఆయన అడవిలో ఒక అల్లిక రెక్కల పురుగును ఫోటో తీసి, ఎగిరిపోనిచ్చాడు. ఆ ఫోటోను ఇంటర్నెట్‌లో పెట్టాడు. అమెరికాలో షాన్ వింటర్టన్ అనే కీటక శాస్త్రజ్ఞుడు అనుకోకుండా దాన్ని చూశాడు. రెక్కల మీద ఆ నల్లని గీతల అల్లిక, మొదట్లో నీలి మచ్చలు తెలిసిన ఏ జాతికీ సరిపోలేదు. కాని ఒక్క ఫోటోతో కొత్త జాతి అని ప్రకటించడం ఎలా? పురుగు కావాలి. గ్యూక్ మళ్ళీ అడవికి వెళ్ళి, చాలాకాలానికి ఇంకొకదాన్ని పట్టి లండన్ మ్యూజియానికి పంపాడు. 2012లో దానికి ‘సెమాక్రైసా జేడ్’ అని పేరు పెట్టారు. జేడ్ అంటే వింటర్టన్ కూతురు.

అల్లిక రెక్కల పురుగు జాతులు మన పొలాల్లోనూ ఉన్నాయి. వెంట్రుకంత సన్నని కాడ పెట్టి, దాని చివర ఒక్కొక్క గుడ్డు పెడతాయి. ఆ గుడ్లలోంచి వచ్చే పిల్లలు పేనుబంకను తింటాయి. అక్షింతల పురుగు పిల్లల తిండీ అదే. కాని అవి తల్లిలా గుండ్రంగా, అందంగా ఉండవు. నల్లగా, పొడుగ్గా, బుల్లి మొసళ్ళలా ఉంటాయి. వాటిని చూసి కొత్త చీడ వచ్చిందని మందు కొట్టినవారిని నేనెరుగుదును. మీ నాన్నగారో మామయ్యో మందు డబ్బా ఎత్తేలోపు ఆకు మీది పురుగును ఫోటో తీసి, పెద్దగా చేసి చూపించండి. వ్యవసాయ అధికారికి పంపితే ఆయనా చెప్పగలుగుతారు. ప్రతి ఫోటోకూ తేదీ, ఊరు, మొక్క పేరు, పురుగు పొడవు రాయండి. కాళ్ళు లెక్కపెట్టడం మరువకండి. తొలకరికి వచ్చే ఎర్రని ఆరుద్ర పురుగుకు ఎనిమిది కనిపిస్తాయి. అంటే అది కీటకం కాదు, సాలీడుకు చుట్టం.

మళ్ళీ జిల్లేడు దగ్గరకు వద్దాం. దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. ఆకు తుంచకండి, చేతులు కడుక్కోకుండా కళ్ళు తుడుచుకోకండి. ఆకు అడుగున తెల్లని గుడ్డు ఒక్కటే, గింజలా నిలబడి, నిలువు గీతలతో కనిపిస్తే అది బహుశా నారింజరంగు సీతాకోకచిలుకది. ఆ ఆకుకు గుర్తుగా కాడకు దారం కట్టి, రోజూ ఒకే వేళకు ఒక ఫోటో తీయండి. గుడ్డు పైకొన నల్లబడిందంటే లోపలి గొంగళి పురుగు తల కనిపిస్తున్నదన్న మాట. మర్నాడు ఉదయం బడికి కాస్త ముందుగా బయలుదేరండి. పిల్ల బయటికి వచ్చి, తన గుడ్డు పెంకునే మొదటి ముద్దగా తింటూ ఉండవచ్చు.