ఆటలో పైకి రాదలచిన పిల్లలు – పెద్దలు చేయదగిన సాయం

మన గాంధీనగర్‌లో సాయంకాలం వేళ ఏ ఖాళీస్థలం వైపు పోయినా పదిమంది పిల్లలు బంతి వెంట పరుగులు తీస్తూ కనపడతారు. వారిలో తొమ్మిదిమందికి అది వినోదం. పదోవానికి మాత్రం అదే సర్వస్వం. వాడు అన్నం తింటూ తలచేది ఆటనే, నిద్రలో పలవరించేదీ ఆటనే. అటువంటి బిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు తల్లిదండ్రులకు ఒకవైపు మురిపెం, మరొకవైపు బెంగ. చదువు పాడవుతుందేమోనని తల్లి భయం. ఇంత పట్టుదల ఉన్నవానిని ఆపడం న్యాయమేనా అని తండ్రి సందేహం.

ఆట నేర్పే గురువులు బళ్లారిలో లేకపోలేదు. దారి చెప్పేవారే కరువు. ఏ వయస్సులో ఎవరి వద్దకు పోవాలి, ఏ కాగితం పట్టుకొని పోవాలి, ఎవరి మాట నమ్మాలి, ఎవరిని గుమ్మంలోనుంచే పంపివేయాలి అన్న సంగతులు పిల్లలకు తెలియవు. అవి పెద్దలు తెలుసుకోవలసినవి. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందు కొంచెం దూరదేశం పోయి వద్దాము. అమెరికాలో స్థిరపడిన మన బంధువుల పిల్లలు చూచే ఆట బేస్‌బాల్. అది మన క్రికెట్టుకు దాయాది వంటిది. అక్కడ బాగా ఆడే హైస్కూలు పిల్లవాని ఎదుట రెండు దారులుంటాయి. ఒకటి కాలేజీ జట్టు, రెండవది జీతానికి ఆడే జట్టు. జీతపు జట్లు ముప్ఫై ఉన్నవి. అవి ఏటా జూలై నెలలో వంతులవారీగా కుర్రవాళ్ళను ఎన్నుకొంటాయి. 2021 నుండి ఆ ఎన్నిక 20 విడతలుగా జరుగుతున్నది. నాలుగేళ్ళ కాలేజీలో చేరినవాడు సాధారణంగా మూడేళ్ళు గడిచేదాకా, లేదా 21 ఏళ్ళు నిండేదాకా ఆ ఎన్నికకు అర్హుడు కాడు.

కాలేజీ పిలిచిందంటే ఖర్చంతా వారే పెట్టుకొంటారని మనవారు అనుకొంటారు. అది నిజం కాదు. మొదటి శ్రేణి కాలేజీ బేస్‌బాల్ జట్టుకు చాలాకాలం 11.7 ఉపకారవేతనాలే ఉండేవి. వాటినే ముక్కలు చేసి ఇరవై పైచిలుకు మందికి పంచేవారు. 2025లో వచ్చిన కొత్త ఒప్పందంతో ఆ లెక్క పోయి, జట్టులో 34 మందికి మించి ఉండరాదన్న హద్దు వచ్చింది. పిల్లవాడు పదకొండవ తరగతిలో చేరబోయే ఏటి ఆగస్టు 1వ తేదీకి ముందు కాలేజీ కోచ్ అతనితో ఎంపిక సంగతి మాట్లాడరాదని 2023లో నియమం పెట్టారు. అంత డబ్బున్న దేశంలోనూ ఇన్ని కట్టుబాట్లున్నాయి. డబ్బు కట్టించుకొని పిల్లల ఆట చూపించే ప్రదర్శనల వ్యాపారమూ అక్కడ జోరుగానే సాగుతున్నది. అందుకే తెలివైన తల్లిదండ్రులు ముందుగా ఒక ప్రశ్న వేసుకొంటారు: "ఆట మధ్యలో ఆగిపోతే నా బిడ్డ చేతిలో ఏమి మిగులుతుంది?"

ఈ ప్రశ్న మనకూ పనికి వస్తుంది. 2008లో మన దేశమంతటా బంతి విసిరే పోటీలు పెట్టి, ఇద్దరు కుర్రవాళ్ళను అమెరికా తీసుకొని పోయిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండవచ్చు. రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఆ ఇద్దరూ ఉత్తరప్రదేశ్‌కు చెందినవారు, జావెలిన్ విసరడం నేర్చినవారు. అంతకు ముందు బేస్‌బాల్ ఆడి ఎరుగరు. ఆ ఏడు నవంబరులోనే పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు వారితో ఒప్పందం వ్రాసుకొన్నది. ఈ కథను 2014లో సినిమాగా తీశారు. సినిమా చూచినవారికి చేతి బలం ఒక్కటి ఉంటే చాలుననిపిస్తుంది. కాని ఆ ఇద్దరిలో ఎవరూ పై మెట్టయిన మేజర్ లీగులో ఆడలేదు. దినేశ్‌ను 2010లో జట్టునుంచి విడిచిపెట్టారు. రింకూ కొన్నేళ్ళు కింది జట్లలో ఆడి, భుజానికీ మోచేతికీ దెబ్బలు తగిలి, చివరకు 2018లో కుస్తీ ప్రదర్శనల వైపు మళ్ళాడు. వారి ధైర్యం మెచ్చదగినదే. అయినా కోట్లమందిలో ఇద్దరికి తగిలిన అదృష్టాన్ని మన ఇంటి బిడ్డకు రాజమార్గమని చూపించరాదు.

మన దేశంలో రాజమార్గం మెట్ల వంటిది. క్రికెట్టునే తీసుకొందాము. కర్ణాటక రాష్ట్ర క్రికెట్ సంఘంలో మన బళ్లారి రాయచూరు జోన్ కింద ఉన్నది. పిల్లవాడు సంఘంలో నమోదయిన క్లబ్బులో చేరాలి, లీగు ఆటలలో పరుగులో వికెట్లో తీయాలి, జోన్ ఎంపికకు పిలుపు అందుకోవాలి, అక్కడ రాణిస్తే రాష్ట్ర జట్టు. పదహారేళ్ళ లోపు వారికి విజయ్ మర్చంట్ ట్రోఫీ, పందొమ్మిదేళ్ళ లోపు వారికి కూచ్ బిహార్ ట్రోఫీ, ఇరవైమూడేళ్ళ లోపు వారికి కర్నల్ సి.కె. నాయుడు ట్రోఫీ. ఆపైన రంజీ. ఐ.పి.ఎల్. జట్ల వారు పంపే పరిశీలకులు చూచేది ఈ మెట్ల మీద ఉన్నవారినే. వేలంలో పేరు నమోదు కావాలన్నా రాష్ట్ర సంఘం ద్వారానే కావాలి.

విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి సంగతి చూడండి. 2017–18లో విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేశాడు. 2020లో ఆంధ్ర తరఫున రంజీ ఆడాడు. 2023 వేలంలో హైదరాబాదు జట్టు 20 లక్షలకు తీసుకొన్నది. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో శతకం కొట్టినప్పుడు లోకమంతా అతనిని చూచింది. చిన్న మెట్టుకూ పెద్ద మెట్టుకూ నడుమ ఏడేళ్ళు గడిచాయి. కొడుకు కోసం అతని తండ్రి ఉద్యోగం వదులుకొన్నారు. ఆ త్యాగానికి చేతులెత్తి నమస్కరించవలసిందే. అయితే ప్రతి తండ్రీ ఆ పని చేయరాదని కూడా చెప్పవలసి ఉన్నది. 2024 నవంబరులో జరిగిన పెద్ద వేలానికి పేరిచ్చినవారు 1,574 మంది, అమ్ముడుపోయినవారు 182 మంది. పేరిచ్చేదాకా రావడానికే ఎన్ని వేలమంది రాలిపోయారో మనమే ఊహించుకోవచ్చు.

ఇక మన సరిహద్దు సంగతి. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ గీత నేటికీ మన పిల్లల ఆటలో కనపడుతుంది. ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి ఆంధ్ర తరఫున ఆడి పైకి వచ్చింది. 2022 డిసెంబరులో భారత జట్టులో చేరింది. 2023లో మహిళల లీగు వేలంలో 55 లక్షలకు ఎంపికైంది. అదే బిడ్డ మన ఊళ్ళో పెరిగి ఉంటే కర్ణాటక మెట్లే ఎక్కవలసి వచ్చేది. "అక్కడ పోటీ తక్కువ, రాయదుర్గంలో మేనమామ ఇంటి చిరునామా పెట్టి ఆంధ్ర జట్టుకు పంపుదాం" అని చెప్పేవారుంటారు. ఆ మాట వినకండి. నివాసం విషయంలో మోసం చేసినట్లు తేలితే రెండేళ్ళ నిషేధమని బి.సి.సి.ఐ. 2020 ఆగస్టులో ప్రకటించింది. వయస్సు దాచినా అంతే. పదహారేళ్ళ పిల్లవానికి రెండేళ్ళు పోతే ఆట పోయినట్లే. నిజంగా కాపురం మార్చినవారు పాత సంఘం అనుమతి పత్రం తీసుకొని సక్రమంగా మారవచ్చు.

పొరుగూరిలో స్థిరపడ్డవారు ఆ ఊరి తరఫునే ఆడటం మన జాతికి కొత్త కాదు. 1932లో భారతదేశపు మొదటి టెస్టు జట్టుకు నాయకుడైన సి.కె. నాయుడు నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టినవారు. నాగపూరులో చదివి, అక్కడే ఆడి, ఇందూరు హోల్కరు మహారాజు ఆదరణలో ప్రకాశించారు. ఉన్న ఊరే ఆయనకు మెట్టయింది.

కాగితాల విషయం చిన్నదిగా కనపడుతుంది గాని, ఎక్కువమంది తడబడేది అక్కడే. మనకు ఇంటిపేరు ముందు వ్రాసుకొనే అలవాటు. ఇక్కడి బడి రిజిస్టరులో ఊరి పేరు, తండ్రి పేరు పొడి అక్షరాలు చేర్చడం ఆచారం. ఆధార్‌లో మరొక విధంగా ఉంటుంది. ఒకే పిల్లవాడు మూడు కాగితాలలో ముగ్గురవుతాడు. ఎంపిక రేపనగా దీనిని సవరించడం ఎవరి తరమూ కాదు. బిడ్డకు పదేళ్ళు నిండకముందే అన్ని కాగితాలలో పేరు, పుట్టిన తేదీ ఒక్క తీరున ఉన్నాయో లేదో చూచుకోండి. పుట్టిన 21 రోజులలో నమోదు చేయించిన జనన పత్రానికి ఉన్న విలువ వేరు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తరువు కావాలి. పదహారేళ్ళ లోపు బాలుర పోటీలలో మణికట్టుకు ఎక్స్‌రే తీసి ఎముక వయస్సు కూడా చూస్తారు. కనుక బడిలో చేర్చేటప్పుడు ఏడాది తగ్గించి వ్రాయించే పాత అలవాటు నేడు బిడ్డకు కీడే చేస్తుంది.

దళారుల మాట చెప్పకుండా ముగించలేము. పోయిన ఏడు మా వీధిలో ఒక ఇంటికి చక్కని దుస్తులు వేసుకొన్న ఒక మనిషి వచ్చాడు. రెండు లక్షలిస్తే పెద్ద జట్టు ఎంపికలో నేరుగా చివరి దశకు చేరుస్తానన్నాడు. ఇంటివారు గొలుసు కుదువ పెట్టడానికి కూడా సిద్ధపడ్డారు. ఆ ఇంటి ముసలమ్మ ఒక్క మాట అడిగింది: "నాయనా, ఈ డబ్బుకు ఏ సంఘం ముద్ర వేసి రసీదు ఇస్తావు?" ఆ మనిషి మళ్ళీ రాలేదు. పాఠకులు ఈ ప్రశ్న కంఠస్థం చేయవలెను. ఆటగాని కోసం వెతికేవాడు ఆటగాని వద్ద డబ్బు అడగడు. నమోదు రుసుము ఉంటే సంఘం ప్రకటనలో ఉంటుంది, దానికి రసీదు ఉంటుంది. ఫోనులో వచ్చిన కబురును సంఘం కార్యాలయంలో విచారించనిదే పైసా ఇవ్వరాదు.

క్రికెట్టు ఒక్కటే ఆట కాదు. మనకు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, తోరణగల్లు వద్ద విజయనగర్‌లో 2018లో ఇన్‌స్పైర్ క్రీడా సంస్థ వెలసింది. పరుగు పందాలు, కుస్తీ, బాక్సింగు, జూడో అక్కడ నేర్పుతారు. నీరజ్ చోప్రా అక్కడ సాధన చేసిన సంగతి జగద్విదితం. తూర్పున అనంతపురంలో ఆర్.డి.టి. వారి క్రీడాగ్రామం ఉన్నది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆటలు అక్కడ జరిగాయి. అక్కడ తర్ఫీదు పొందిన బి. అనూష అనే పల్లెటూరి అమ్మాయి 2023 జూలైలో భారత జట్టుకు ఆడింది. మగపిల్లవానికి బ్యాటు కొని, ఆడపిల్లను గడపలో నిలబెట్టే ఇళ్ళు దీనిని గమనించాలి. ఖేలో ఇండియా పథకంలో ఎంపికైన క్రీడాకారులకు ఏటికి 6.28 లక్షల విలువగల సాయం ఏర్పాటు చేశారు. అందులో నెలకు పదివేలు చేతిఖర్చు. జిల్లా క్రీడాశాఖ ప్రకటనలు కన్నడ పత్రికలలో వస్తాయి. ఇంట్లో ఎవరో ఒకరు వాటిని కనిపెట్టి ఉండాలి.

ఇక కాలేజీ దారి. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు కట్టిపెట్టినవానికి ఈ దారి మూసుకొని పోతుంది. ఆటగాళ్ళకు సీట్లు, ఫీజులో తగ్గింపు ఇచ్చే కాలేజీలు బెంగుళూరులో ఉన్నవి. మంగళూరులో పెరిగిన కె.ఎల్. రాహుల్ అక్కడి జైన్ కాలేజీలో చేరి, చదువూ ఆటా రెండూ సాగించాడు. విశ్వవిద్యాలయాల మధ్య రోహింటన్ బారియా ట్రోఫీ ఉన్నది. విజయనగరం మహారాజకుమారుని పేర విజ్జీ ట్రోఫీ ఉన్నది. వీటిలో ఆడినవానికి రైల్వే వంటి సంస్థలలో క్రీడాకోటా ఉద్యోగాలకు అర్హత దొరకవచ్చు. పి.వి. సింధు తండ్రి రమణగారు వాలీబాల్ ఆడి రైల్వేలో ఉద్యోగం చేసినవారే. కాలేజీ వారు పిలిచినప్పుడు నాలుగు సంగతులు అడిగి కాగితం మీద వ్రాయించుకోండి. ఫీజులో ఎంత తగ్గింపు? అది ఎన్నేళ్ళు? దెబ్బ తగిలి ఆడలేకపోతే సీటు ఉంటుందా? ఆట దినాలలో తప్పిన పరీక్షల మాట ఏమిటి? వీటికి సూటిగా జవాబు చెప్పని కాలేజీకి పంపరాదు.

మన సంఘం ఈ విషయంలో ఒక చిన్న పని చేయవచ్చునని మా మనవి. నెలకొక ఆదివారం మధ్యాహ్నం సంఘ భవనంలో ఇద్దరు పెద్దలు కూర్చోవాలి. ఒకరు కన్నడ ప్రకటనలు చదివి చెప్పాలి, ఒకరు పిల్లల కాగితాలు సరిచూడాలి. పూర్వం ఆడిన మన యువకులు వచ్చి తాము పడ్డ పాట్లు పిల్లలకు చెప్పాలి. బస్సు ఛార్జీకి ఇబ్బంది పడే పిల్లల కోసం ఒక హుండీ పెట్టాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఆ పిల్లలలో ఎవరూ టెస్టు ఆటగాళ్ళు కాకపోయినా కావచ్చు. అయినా ఏ తల్లీ గొలుసు పోగొట్టుకోదు, ఏ పిల్లవాడూ తప్పు కాగితం వలన రెండేళ్ళు ఇంట కూర్చోడు, ఆట ఆగిననాడు చేతిలో డిగ్రీ మిగులుతుంది. వచ్చే నెల మొదటి ఆదివారం ఈ పని ప్రారంభించుటకు కార్యదర్శిగారు అనుమతించగలరని ఆశిస్తున్నాము. ఆడే బిడ్డలున్నవారు జనన పత్రం, బడి పత్రం, ఆధార్ మూడూ తీసుకొని రాగలరు.