దుబాయ్‌కి ఒక్కరే పోవాలా, ఇంటిల్లిపాదీ పోవాలా?

మాచారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో ‘దుబాయ్ పోయిండు’ అంటే మస్కట్ కావచ్చు, కువైట్ కావచ్చు, రియాద్ కావచ్చు. పడమటి దిక్కున సముద్రం దాటి పోయిన ప్రతి ఒక్కరూ దుబాయ్ పోయినట్టే లెక్క. అయితే అసలు దుబాయ్ నగరంలో కొంచెం మంచి ఉద్యోగం దొరికినవాళ్ల ఇళ్లలో ఇప్పుడు కొత్త మాట వినిపిస్తోంది: “నువ్వొక్కడివే ఎన్నేళ్లుంటవ్? మమ్మల్ని గూడ తీస్కపో.”

ఈ మాటకు అవునని చెప్పే ముందు, కాదని చెప్పే ముందు కూడా, ఇంట్లో అందరూ కూర్చుని వేసుకోవాల్సిన లెక్కలు కొన్ని ఉన్నాయి. ఒక్కో గల్ఫ్ దేశంలో ఒక్కో రూల్ ఉంటుంది కాబట్టి ఇక్కడ దుబాయ్ గురించే చెప్పుకుందాం.

కలిసొచ్చే సంగతులు

దుబాయ్ ఇంకా పెరుగుతున్న నగరం. 2011లో 20 లక్షలున్న జనాభా 2024 చివరికి 38 లక్షలు దాటింది. నిర్మాణం, రవాణా, దుకాణాలు, హోటళ్లు, ఆఫీసులు, అన్నిచోట్లా మనుషులు కావాలి. జీతం మీద ఆదాయపు పన్ను లేదు. హైదరాబాద్ నుంచి విమానంలో దాదాపు నాలుగు గంటల ప్రయాణం. హిందీ, ఉర్దూ వస్తే బజార్లో పని నడుస్తుంది. మసీదు దగ్గర్లోనే ఉంటుంది, హలాల్ గురించి అడగాల్సిన పని లేదు, రంజాన్ నెలలో పని గంటలు తగ్గుతాయి.

వీటన్నిటికంటే పెద్ద లాభం ఒకటుంది. అబ్బా పిల్లలకు ఫోన్‌లో కనిపించే మనిషిగా మిగిలిపోడు. రెండేళ్లకోసారి నెల రోజుల సెలవు మీద వచ్చే తండ్రికి, రోజూ పక్కన కూర్చుని అన్నం తినే తండ్రికి ఉన్న తేడా రూపాయల్లో చెప్పలేం. అందుకే కుటుంబం కలిసి ఉండాలన్న కోరికను ‘షోకు’ అని కొట్టిపారేయడం తప్పు.

జీతం లెక్క

కుటుంబానికి వీసా తీయాలంటే ఉద్యోగికి నెలకు కనీసం 4,000 దిర్హమ్‌ల జీతం ఉండాలి. లేదా 3,000 జీతంతో పాటు కంపెనీ ఇల్లు ఇవ్వాలి. దిర్హమ్‌కు 23 రూపాయల చొప్పున వేస్తే 4,000 అంటే 92,000 రూపాయలు. కామారెడ్డిలో ఇది పెద్ద జీతమే. దుబాయ్‌లో మాత్రం ఇది వీసా దొరికే గీత, బతుకు సాఫీగా సాగే గీత వేరే.

ఉదాహరణకు షార్జాలో చిన్న ఇంటి అద్దె 2,000 దిర్హమ్‌లు అనుకుందాం. మిగిలిన 2,000లో కిరాణా, కరెంటు, బస్సు, ఫోను, పిల్లల ఫీజు, భార్యాపిల్లల ఆరోగ్య బీమా, అన్నీ నడవాలి. ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. షార్జాలో ఉండి రోజూ దుబాయ్‌కి పోయొచ్చేవాళ్లకు ట్రాఫిక్‌లో గంటలు పోతాయి.

అదే మనిషి ఒక్కడే ఉండి, 3,000 జీతంతో కంపెనీ రూములో ఉంటున్నాడనుకోండి. తన ఖర్చు 1,000 పోను 2,000 దిర్హమ్‌లు, అంటే 46,000 రూపాయలు ఇంటికి పంపగలడు. ఇక్కడి ఇంటి ఖర్చుకు 20,000 పోయినా 26,000 మిగులుతుంది. నెలనెలా పోయే ఈ మిగులే కుటుంబం కలిసి ఉండటానికి కట్టే ఖరీదు. అంత కట్టగలమా, ఎన్నేళ్లు కట్టగలమా అన్నదే అసలు ప్రశ్న.

ఉద్యోగం పోతే?

భార్యాపిల్లల వీసా ఉద్యోగి వీసా మీద ఆధారపడి ఉంటుంది. ఉద్యోగం పోయి గడువులోపు ఇంకొకటి దొరక్కపోతే అందరూ వాపస్ రావాల్సిందే. పిల్లల స్కూలు ఏడాది మధ్యలో ఉన్నా అంతే.

2023 నుంచి అక్కడ ఉద్యోగం పోయినవారికి బీమా ఉంది. మూల వేతనం 16,000 దిర్హమ్‌లలోపు ఉన్నవాళ్లు నెలకు 5 దిర్హమ్‌లు కడతారు. వరుసగా 12 నెలలు కట్టి ఉంటే, తమ తప్పు లేకుండా ఉద్యోగం పోయినప్పుడు మూల వేతనంలో 60 శాతం, ఎక్కువలో ఎక్కువ మూడు నెలలు ఇస్తారు. ఇక్కడ ‘మూల వేతనం’ అన్న మాట చూడాలి. 4,000 జీతంలో మూల వేతనం 2,500 మాత్రమే అయితే చేతికొచ్చేది 1,500. పైన చెప్పిన అద్దెకే సరిపోదు. గ్రాట్యుటీ కూడా మూల వేతనం మీదే: మొదటి ఐదేళ్లు ఏడాదికి 21 రోజుల వేతనం. అంటే 2,500కు ఏడాదికి 1,750 దిర్హమ్‌లు. ఆఫర్ లెటర్‌లో మొత్తం జీతం ఒక్కటే చూసి మురిసిపోవద్దు.

పిల్లలు ఏ తరగతిలో ఉన్నారు?

చాలామంది మర్చిపోయే లెక్క ఇది. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి స్థానికత చూస్తారు. మెడిసిన్ సీటుకు వేరే లెక్క. 2024లో తెచ్చిన నిబంధన ప్రకారం 9 నుంచి 12 వరకు నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలి. దీన్ని 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది.

అందుకే తొమ్మిదిలో ఉన్న బిడ్డను, డాక్టర్ కావాలన్న ఆశ ఉంటే, కదిలించే ముందు పదిసార్లు ఆలోచించాలి. ఎల్‌కేజీ వయసు పిల్లలతో పోయి నాలుగో తరగతికి వాపస్ వస్తే మాత్రం రెండు లెక్కలూ నిలుస్తాయి. ఐదో తరగతి నుంచి మైనారిటీ గురుకులాల్లో ఉచిత చదువు కూడా అందుబాటులో ఉంటుంది.

ఇక్కడ వదిలేసేది

మన మండలంలో ఎంతోమంది అమ్మీలు, అక్కలు బీడీలు చుట్టి ఇల్లు నడుపుతారు. కుటుంబం పోతే ఆ ఆదాయం ఆగుతుంది, పీఎఫ్ జమ కావడం ఆగుతుంది. అక్కడ డిపెండెంట్ వీసా మీద ఉన్న భార్య పని చేయొచ్చు, కానీ పని ఇచ్చేవాళ్లు వర్క్ పర్మిట్ తీయాలి. ముసలి తల్లిదండ్రులను ఎవరు చూస్తారన్నది పోయేముందే తేలాలి. రేషన్ కార్డు ఈ-కేవైసీ, పొలం కౌలు, ఇంటి పన్ను, వీటన్నిటికీ ఒక నమ్మకమైన మనిషి కావాలి.

ఎవరికి ఏది నయం?

జీతం వీసా గీత దగ్గరే ఉండి, ఊళ్లో అప్పు ఉంటే, ముందు ఒక్కరే పోయి అప్పు తీర్చడం నయం. సూద్‌కు డబ్బు తెచ్చి కుటుంబాన్ని తీసుకుపోతే రెండు దేశాల్లోనూ ఇబ్బందే. కంపెనీ ఇల్లు ఇచ్చి, స్కూలు ఫీజు భరించి, పిల్లలు చిన్నవాళ్లయితే కలిసి పోవడమే మేలు. ఈ రెండింటికీ మధ్య ఉన్నవాళ్లు చలికాలంలో 30 రోజుల టూరిస్ట్ వీసా మీద కుటుంబాన్ని పిలిపించి చూడొచ్చు. అద్దె, ఇరుకు, దూరం కళ్లారా తెలుస్తాయి. ఆ వీసా మీద పని చేయడం మాత్రం నేరం.

బయలుదేరే ముందు

నికానామాకు వక్ఫ్ బోర్డు నుంచి మ్యారేజ్ సర్టిఫికెట్ తీసి, అటెస్టేషన్ చేయించాలి. అందులో పేరు, పాస్‌పోర్టులో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. పిల్లల బర్త్ సర్టిఫికెట్లూ అంతే. పది పాస్ కాని ఉద్యోగికి ఈసీఆర్ పాస్‌పోర్టు ఉంటుంది కాబట్టి ఈ-మైగ్రేట్‌లో క్లియరెన్స్ కావాలి. లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తాయి.

దుబాయ్‌లో ఎన్నేళ్లున్నా మనలాంటి ఉద్యోగులకు వీసా గడువు వీసా గడువే, ఆ ఊరు సొంతం కాదు. అందుకని మాచారెడ్డిలో ఇల్లు అమ్మి పోవద్దు. పోయే తారీఖుతో పాటు వాపస్ వచ్చే ఏడాది కూడా కాగితం మీద రాసుకోండి. మష్వరాలో ఇంటి ఆడవాళ్లను, పెద్ద పిల్లలను కూడా కూర్చోబెట్టండి, ఇస్తిఖారా చేయండి. ఆ తర్వాత ఏ నిర్ణయమైనా అల్లాహ్ మీద భరోసాతో తీసుకోవచ్చు.